తెలియుట, బోధపడుట, ఒంటబట్టుట

ఒక విషయము తెలియుట మనసులో జరుగు పని. అది కంటికి కనబడదు, చేతికి అందదు. అయినను దానిని గూర్చి మాటలాడక తప్పదు. అందుచేత భాషలు సాధారణముగా ఒక ఉపాయము పన్నును. కంటికి కనబడు మరియొక పనినుండి మాటను అరువు తెచ్చుకొని, దానిని మనసులోని పనికి పేరుగా పెట్టును. కాలము గడచిన కొలది ఆ అరువు సంగతి జనులు మరచిపోవుదురు. మాట మాత్రము నిలుచును. తెలుగులోను ఇట్లే జరిగినది, ఇంగ్లీషులోను ఇట్లే జరిగినది. ఈ సంగతి గ్రహించిన విద్యార్థికి ఇంగ్లీషు పలుకుబడులు కొరకరాని కొయ్యలుగా తోచవు.

నీరు తేరుట

అనంతపురము జిల్లాలో రాయదుర్గమునకు ఈశాన్యమున, బళ్ళారి జిల్లా సరిహద్దునకు దాపున కణేకల్ గ్రామము కలదు. హగరి అని కూడ పిలువబడు వేదవతీ నది ఆ ప్రాంతముననే ప్రవహించుచున్నది. జిల్లాలో సంవత్సరమునకు కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన కురిసిన నాలుగు దినములలో చెరువులకును కుంటలకును చేరు నీరు బురదతో కలిసి వచ్చును. కుళాయిలు లేని కాలమున ఇట్టి నీటిని త్రాగవలసి వచ్చినప్పుడు తెలుగు పల్లెలలోని ఇల్లాండ్రు కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి, అందులో నీరు పోసి కదలకుండ ఉంచెడివారు. కొంత సేపటికి మట్టి అడుగునకు దిగి, పైన తేట నిలుచును.

ఇందలి శాస్త్రము తేలికయే. బురద నీటిలోని సన్నని బంకమట్టి రేణువులపై ఋణ విద్యుదావేశము ఉండును. ఒకే విధమైన ఆవేశము గలవి ఒకదానినొకటి నెట్టుకొనుచుండుటచే అవి కూడవు, మునగవు. చిల్లగింజనుండి వచ్చు పదార్థములు ఆ రేణువులను ఒకటిగా కూర్చును. కూడిన రేణువులు బరువెక్కి అడుగున చేరును. నేడు పటిక చేయు పనియు ఇదియే.

ఇట్లు నీరు స్వచ్ఛమగుటకు తెలుగులో 'తేరు' అని పేరు. తేరిన నీరు 'తేట'. 'తెలి' యనగా స్వచ్ఛమైనది, తెల్లనిది. 'తెలియు' అను క్రియ ఈ కుటుంబములోనిదే. కన్నడములో 'తిళినీరు' అనగా తేటనీరు. 'తిళియితు' అనగా తెలిసినది. తమిళములో 'తెళి' అను క్రియకు నీరు తేరుట, మనసునకు స్పష్టమగుట అను రెండర్థములును ఉన్నవి. బరో, ఎమెనో అను పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలను ఒక్క కుదురునకే చేర్చినది. కావున 'నాకు తెలిసినది' అనినప్పుడు మొదట స్ఫురించిన బొమ్మ, కలక దిగి తేరిన నీరు. 'తేటతెల్లము' అను మాటలో ఆ బొమ్మ నేటికిని చెరగలేదు.

కణేకల్ బాలునకు ఈ పోలిక కష్టము కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు రాయదుర్గము తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండినది. ఆనాడు ఆలూరు, ఆదోని తాలూకాలతోబాటు అది ఆంధ్రలో చేరినది. ఆ సరిహద్దు సీమలో తెలుగు, కన్నడము రెండును వీధిలో వినబడుచుండును. 'తెలిసింది', 'తిళియితు' అను మాటలు రెండును విని పెరిగిన పిల్లవానికి ఒకే బొమ్మ రెండు భాషలలో నివసింపగలదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక్క పనికి పలు బొమ్మలు

తెలుగు ఈ ఒక్క బొమ్మతో తృప్తి పొందలేదు. సంస్కృతము నుండి వచ్చిన మాటలను విప్పి చూచిన మరికొన్ని బొమ్మలు బయటపడును. 'బోధపడు' అనుదానిలోని ధాతువు 'బుధ్'. దానికి మేలుకొనుట అని అర్థము. బుద్ధుడనగా మేలుకొన్నవాడు. 'గ్రహించు' అనగా చేతితో పట్టుకొనుట. 'అవగాహన' అనగా నీటిలో మునుగుట. 'వేదము' అను పదము 'విద్' అను ధాతువునుండి పుట్టినది; దానికి తెలియుట అని అర్థము. దీనికి తోబుట్టువైన లాటిన్ ధాతువునకు చూచుట అని అర్థము; 'విజన్', 'వీడియో' అను ఇంగ్లీషు మాటలు అచటినుండియే వచ్చినవి. కణేకల్ దాపున ప్రవహించు వేదవతి పేరులోను ఆ ధాతువే ఉన్నది.

అచ్చ తెలుగు పలుకుబడులు ఇంకను ఇంటికి దగ్గరివి. కఠినమైన పాఠము 'కొరుకుడు పడదు', అనగా పంటికి లొంగదు. మనసునకు పట్టిన పాఠము 'తలకెక్కును'. రహస్యమును 'పసిగట్టుదురు', అనగా జంతువువలె వాసన పట్టుదురు. మూలము దొరకని సమస్య 'అంతు చిక్కదు'. చాలనాళ్ళు చేసి నేర్చిన పని 'ఒంటబట్టును'. చిక్కులెక్క 'తేలును', నీటి అడుగునుండి పైకి వచ్చిన వస్తువువలె.

జార్జి లేకాఫ్, మార్క్ జాన్సన్ అను అమెరికా పండితులు 1980లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి పోలికలు కవులకు మాత్రమే చెందిన అలంకారములు కావనియు, దినదినము మాటలాడు భాషకు పునాదులనియు వాదించిరి. తెలియుటను చూచుటగా భావించుట వారిచ్చిన ఉదాహరణములలో ఒకటి. 'ఐ సీ' అని ఇంగ్లీషువాడు అనినప్పుడు అతడు దేనిని చూచుటలేదు; అర్థమయినదనుచున్నాడు. అయితే అన్ని జాతులకును కన్నే ప్రధానము కాదు. నికొలాస్ ఎవన్స్, డేవిడ్ విల్కిన్స్ అను పండితులు ఆస్ట్రేలియా ఆదివాసుల భాషలను పరిశీలించి, వానిలో తెలియుటకు వాడు మాటలు ఎక్కువగా వినుటనుండి పుట్టినవని 2000లో చూపిరి. కావున ఏ భాష ఏ బొమ్మను ఎన్నుకొన్నదో విడిగా నేర్వవలసినదే, ఊహించి చెప్పరాదు.

ఎవరికి తెలిసినది?

బొమ్మలు ఇట్లుండగా, వాక్యము కట్టు తీరులో మరియొక భేదము కలదు. 'నాకు తెలిసినది', 'నాకు అర్థమయినది', 'నాకు బోధపడినది' అను వాక్యములలో 'నేను' కర్త కాదు. విషయము వచ్చి నాకు తగిలినట్లు వాక్యము నడచును. ఆకలి, నిద్ర, జ్వరము వచ్చినట్లే తెలివియు వచ్చును. కన్నడములో 'ననగె గొత్తు' అనునదియు ఇట్టిదే. తెలుగులోనే 'నేను ఎరుగుదును' అనునప్పుడు మాత్రము 'నేను' కర్త అగును. 'అర్థము చేసికొంటిని' అనినను అంతే. అందు ప్రయత్నము కనబడును.

ఇంగ్లీషులో ఈ విషయమున మొగ్గు వేరు. 'ఐ నో', 'ఐ అండర్‌స్టాండ్', 'ఐ గెట్ ఇట్' అను వాక్యములలో తెలిసికొనువాడే కర్త. అయినను తెలుగు తీరు అచ్చట లేకపోలేదు. 'ఇట్ డాన్డ్ ఆన్ మీ', 'ఇట్ స్ట్రక్ మీ' అనునవి అట్టివి. మొదటిదానిలో విషయము తెల్లవారినట్లు మనసుపై వెలుగు పరచును. రెండవదానిలో అది వచ్చి తాకును. తెలుగు బాలునకు ఇవి సులభముగా పట్టుబడవలెను, ఏలననగా 'నాకు తట్టినది' అను తన మాటయే వేరు వేషములో నిలిచియున్నది.

ఇక్కడనే ఒక హెచ్చరికయు అవసరము. 'డాన్' అనగా తెల్లవారుట. అట్లని 'నాకు తెల్లవారినది' అనరాదు. 'నీ తెలివి తెల్లవారినట్లే ఉన్నది' అనుట తెలుగులో ఎగతాళి. బొమ్మ ఒక్కటియే, ఒక భాషలో మెప్పు, మరియొక భాషలో వెక్కిరింత. మాటకు మాట మార్చు అనువాదము ఎందుకు చెడునో ఈ ఒక్క ఉదాహరణము చాలును.

వాక్యము కట్టులోను ఇట్టి చిక్కే కలదు. 'నాకు అర్థము కావటము లేదు' అను తెలుగు వాక్యములో క్రియ జరుగుచున్నట్లు కనబడును. దానినే అనుసరించి విద్యార్థులు 'ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్' అని వ్రాయుదురు. ప్రామాణికమైన ఇంగ్లీషులో తెలియుట సాధారణముగా జరుగుచున్న పనిగా గాక, ఒక స్థితిగా చెప్పబడును. కావున 'ఐ డోంట్ అండర్‌స్టాండ్' అనవలెను. తప్పును దిద్దుటతోబాటు ఉపాధ్యాయుడు దాని పుట్టుకను కూడ చూపిన, విద్యార్థి దానిని మరల చేయడు.

అవుట్, ఇన్, ఆన్

ఇంగ్లీషు నేర్చువారిని ఎక్కువగా బాధించునవి రెండు చిన్న మాటలు కలిసి మూడవ అర్థమునిచ్చు క్రియలు. వీనికి 'ఫ్రేజల్ వెర్బ్' అను పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రకటించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమువలన వ్యాప్తి చెందినది. 'మేక్' అనగా చేయుట, 'అవుట్' అనగా బయట. 'మేక్ అవుట్' అనగా బయట చేయుట కాదు; మసకగా ఉన్నదానిని ఆనవాలు పట్టుట. నిఘంటువులో రెండు మాటలను వేరువేరుగా వెదకినవానికి ఫలము దక్కదు.

అయితే ఇది ఇంగ్లీషువారి వింత అలవాటు అనుకొనరాదు. 'బోధపడు', 'కొరుకుడు పడు', 'బయటపడు' అను మాటలలోని 'పడు'నకు క్రింద పడుట అని అర్థము చెప్పిన ఏమి మిగులును? 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర వంటి ఇంగ్లీషువారు తెలుగు నేర్చునప్పుడు ఎదుర్కొన్న చిక్కు సరిగా ఇదియే. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఒక్కొక్క మాట క్రింద దానితో కూడిన పలుకుబడులు విడిగా చేర్చబడినవి. మాటల జంటను ఒకే మాటగా నేర్వవలెనని దాని సారాంశము.

జంటలోని రెండవ మాట కొంత సహాయము చేయును. తెలియుటకు సంబంధించిన క్రియలలో 'అవుట్' వచ్చినప్పుడు విషయము దాగినచోటునుండి బయటికి వచ్చుచున్నదని భావింపవచ్చును. 'ఫైండ్ అవుట్' అనగా విచారించి కనుగొనుట. 'వర్క్ అవుట్' అనగా మెట్టు మెట్టుగా సాధించుట. 'ఫిగర్ అవుట్' అనగా ఆలోచించి తేల్చుట. తెలుగులో 'వెలికితీయు', 'బయటపెట్టు' అను మాటలు ఇదే దారిన నడచినవి. 'ఇన్' వచ్చినప్పుడు విషయము మనిషి లోపలికి పోవుచున్నది. 'టేక్ ఇన్' అనగా చెప్పినదానిని లోనికి గ్రహించుట. 'సింక్ ఇన్' అనగా వాన నీరు నేలలో ఇంకినట్లు మెల్లగా మనసులో ఇంకుట. 'క్యాచ్ ఆన్' అనగా ఇతరులు చెప్పునదాని ఆనుపాను పట్టుకొనుట.

ఈ సూత్రము దారి చూపు దీపమే గాని, చట్టము కాదు. 'హి వాజ్ టేకెన్ ఇన్' అనగా చాల సందర్భములలో అతడు మోసపోయెనని అర్థము. 'వర్క్ అవుట్' అనునది వ్యాయామమునకును చెల్లును. సందర్భమును చూడక అర్థము చెప్పరాదు. మాటల వరుసయు గమనింపదగినది. 'ఇట్' వంటి సర్వనామము వచ్చినప్పుడు అది జంట నడుమ చేరును: 'ఫిగర్ ఇట్ అవుట్' అనవలెను గాని 'ఫిగర్ అవుట్ ఇట్' అనరాదు. 'డాన్ ఆన్' అను జంట మాత్రము ఎన్నడును విడిపోదు.

వేరుసెనగ ఊడ చెప్పు పాఠము

ఈ మాటల భేదము కేవలము భాషకు సంబంధించినది కాదు. తెలియుటలోనే మెట్లు కలవని ఇవి చూపుచున్నవి. అనంతపురము జిల్లా పిల్లలకు చిరపరిచితమైన వేరుసెనగ పంటనే తీసికొని చూడవచ్చును.

వేరుసెనగ పూవు నేలపైన పూచును; కాయ నేలలోపల కాయును. ఇది పొలమునకు పోవు ప్రతి పిల్లవానికిని తెలుసు. చూచియో వినియో తెలిసికొన్న ఈ మెట్టునకు ఇంగ్లీషులో 'ఫైండ్ అవుట్' సరిపోవును. ఇందు ఆలోచనతో పని లేదు.

పూవు ఫలదీకరణము చెంది వాడిన తరువాత అండాశయము క్రిందనున్న భాగము కాడవలె సాగి, నేలవైపు వంగి, అండాశయమును కొనయందు మోసికొని మట్టిలో దిగును. రైతులు దీనినే ఊడ అందురు. చీకటిగల మట్టిలో చేరిన తరువాతనే ఆ కొన ఉబ్బి కాయ అగును. ఈ వివరణ విని, మొక్కను పెరికి ఊడను కంటితో చూచిన క్షణమున పిల్లవానికి పూవునకును కాయకును గల సంబంధము బోధపడును. ఇంగ్లీషులో 'ఇట్ డాన్డ్ ఆన్ హిమ్' అందురు. 'ద పెన్నీ డ్రాప్డ్' అనియు అందురు. నాణెము లోపల పడిన తరువాత గాని కదలని యంత్రమునుండి ఈ పలుకుబడి పుట్టినదందురు.

మూడవ మెట్టున ప్రశ్న పుట్టును. ఊడలు దిగు సమయమున వాన లేకున్న దిగుబడి ఏల తగ్గును? పిల్లవాడు తనకు తెలిసినవానిని కూర్చి చూచును. వాన లేనిచో నేల గట్టిపడును. గట్టి నేలలో ఊడ దిగలేదు. దిగని ఊడ కాయ కాదు. పూతకాలమున మొక్కల మొదళ్ళ దగ్గర జిప్సము ఏల వేయుదురన్నది మరియొక ప్రశ్న. వేరు పీల్చిన సున్నపు ధాతువు నీటితోబాటు ఆకులకు పోవును గాని, అచటినుండి క్రిందనున్న కాయకు తిరిగి రాదు. లేత కాయ దానిని చుట్టునున్న మట్టినుండియే నేరుగా పీల్చుకొనవలెను. అందుచేతనే జిప్సము కాయ ఊరుచోటికి అందవలెను. ఇట్లు కారణములను వరుసగా పేర్చి ఫలితము తేల్చుట 'వర్క్ అవుట్', 'ఫిగర్ అవుట్'. 'పుట్ టూ అండ్ టూ టుగెదర్' అను పలుకుబడియు ఈ మెట్టునకే చెందును. తెలిసిన రెండు సంగతులను కలిపి తెలియని మూడవదానిని పట్టుట దాని భావము.

నాలుగవది ఒంటబట్టుట. ఏటేట పైరును చూచి, పూత ఎన్నడు వచ్చినదో గుర్తుంచుకొని, మట్టిని చేతితో నలిపి, ఊడలు దిగునో దిగవో చెప్పగలుగు రైతునకు ఈ జ్ఞానము ఒంటబట్టినది. దీనికి ఇంగ్లీషులో 'గెట్ ద హ్యాంగ్ ఆఫ్' అను పలుకుబడి దగ్గరగా వచ్చును. తరచు ఇది పుస్తకమువలన గాక, చేయగా చేయగా వచ్చును. రైతు కుటుంబములో చాలమందికి నాలుగవ మెట్టు ఉండి, రెండవ మెట్టునకు మాట ఉండదు. బడిలో చాలమంది పిల్లలకు మొదటి మెట్టుండి మూడవది ఉండదు. ఒకరికి లేనిది మరియొకరివద్ద ఉన్నదని గుర్తించుటయే మంచి బోధనకు ఆరంభము.

తరగతి గదిలో

'అర్థమయిందా?' అని ఉపాధ్యాయుడు అడిగినప్పుడు తరగతి అంతయు 'అయింది సార్' అని బదులు చెప్పుట సాధారణము. అది అబద్ధము కానక్కరలేదు. ఏ మెట్టు వరకు అయినదో ప్రశ్నలోనే లేదు కాబట్టి, ఎవని మెట్టున వాడు నిలిచి 'అయింది' అనుచున్నాడు. ఆ పిల్లవాడు పరీక్షలో తప్పినప్పుడు శ్రద్ధ లేదని అతనిని నిందింతురు. ప్రశ్నయే స్పష్టముగా లేకపోయినదని ఎవరును తలపరు.

ప్రశ్నను మార్చిన జవాబు మారును. 'ఏమి తెలిసినది?' అని అడిగిన సంగతి చెప్పుదురు. 'ఎందువలన?' అని అడిగిన కారణము వెదకుదురు. 'వాన రెండు వారములు ఆలస్యమైన ఏమి జరుగును?' అని అడిగిన తేల్చి చెప్పవలసి వచ్చును. 'చేసి చూపుము' అని అడిగిన ఒంటబట్టినదో లేదో బయటపడును. ఇంగ్లీషు తరగతిలో ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు క్రియలను జతచేసి నేర్పినయెడల క్రియలును నిలుచును, పాఠమును నిలుచును. తెలుగు పలుకుబడిని ఒక వరుసలో, ఇంగ్లీషు పలుకుబడిని ఎదుటి వరుసలో వ్రాయించి, రెండింటిలోని బొమ్మలు ఎచ్చట కలిసినవో, ఎచ్చట విడిపోయినవో పిల్లలచేతనే చెప్పించుట మేలైన అభ్యాసము. సరిహద్దు గ్రామములలో కన్నడమునకు మూడవ వరుస ఇచ్చిన, ఇంటిలో కన్నడము మాటలాడు పిల్లలు తరగతికి గురువులగుదురు.

పరభాష నేర్చుటకు మాతృభాష అడ్డు అని కొందరు తలచుచుందురు. మాటకు మాట మార్చువానికి అది అడ్డే కావచ్చును. కాని తన భాషలోని మాట ఎచ్చటినుండి వచ్చినదో విచారించు అలవాటు గల విద్యార్థికి, పరభాషలోని మాటను ఎట్లు విచారింపవలెనో ముందే తెలిసియుండును. కలక నీటిని కదిలించిన కొలది కలక పెరుగును. పలుకుబడుల పట్టికలను ఒక్కసారిగా వల్లె వేయించుటయు అట్టిదే. వారమునకు నాలుగైదు పలుకుబడులు చాలును. వానిని తెలిసిన సంగతులతో ముడిపెట్టి, తేరుటకు వ్యవధి ఇచ్చినచో అవి మెల్లగా ఒంటబట్టును.